పెబుల్ బీచ్ దగ్గర ఇక గంటన్నర ఆగుతాం

అందరికీ నమస్తే. శనివారాల్లో కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ నుంచి మాంటెరే వెళ్లే మన వ్యాన్ ట్రిప్పులో వచ్చే నెల నుంచి ఒక మార్పు. అక్వేరియం దగ్గర ఆగం. ఆ టైమంతా పెబుల్ బీచ్ గోల్ఫ్ కోర్సు దగ్గర గడుపుతాం. చిన్నపిల్లలున్న వాళ్లకి ఇది నచ్చకపోవచ్చని తెలుసు. టికెట్టు మాత్రం పెంచడం లేదు.

ఎందుకో చెప్పాలంటే ముందు నా తప్పు ఒప్పుకోవాలి. రెండేళ్లుగా సెవెంటీన్ మైల్ డ్రైవ్‌లో (గేటు దగ్గర రుసుము కట్టి వెళ్లే సముద్రపు ఒడ్డు రోడ్డు) ఆ కోర్సు దగ్గరికి రాగానే "అది ప్రైవేటు క్లబ్బు, మనల్ని రానివ్వరు" అని చెప్పి వ్యాన్ ముందుకు పోనిచ్చాను. అది నిజం కాదు. ఆడటానికి ఆరు వందల డాలర్లకు పైనే అవుతుంది గానీ, కట్టగలిగితే ఎవరైనా ఆడొచ్చు. అక్కడి లాడ్జి హోటలు వెనక నిలబడి 18వ గ్రీన్‌నీ (బంతి చివరికి పడాల్సిన గుంట ఉండే నున్నటి గడ్డి), పక్కనే కొట్టుకునే అలల్నీ చూడాలంటే గేటు రుసుము తప్ప ఇంకేమీ అక్కర్లేదు.

మొన్న జూన్‌లో తెనాలి నుంచి కూతురి దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన కిటికీలోంచి చూసి, "సముద్రం ఒడ్డున ఇంత జాగా! ప్లాట్లు వేసి అమ్ముకోకుండా గడ్డెందుకు పెంచారు బాబూ?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికెళ్లి చదవడం మొదలుపెడితే తేలిందేమిటంటే, మొదట వేసింది ప్లాట్లే.

కొన్ని అమ్ముడైపోయాయి కూడా. ఆ భూములు అమ్మిపెట్టమని, వాటి సొంతదారైన కంపెనీ 1915లో పెట్టుకున్న మేనేజరు శామ్యూల్ మోర్స్. టెలిగ్రాఫ్ మోర్స్‌కి దూరపు చుట్టం. ఒడ్డు ఖాళీగా ఉంటేనే వెనక అడవిలో స్థలాలకి విలువ అని ఆయన లెక్క. అమ్మిన ప్లాట్లు మళ్లీ కొనడం మొదలుపెట్టాడు. కోర్సు గీసే పని జాక్ నెవిల్, డగ్లస్ గ్రాంట్‌లకి అప్పగించాడు. ఇద్దరూ మంచి ఆటగాళ్లే, కానీ అంతకుముందు ఒక్క కోర్సూ కట్టినవాళ్లు కాదు. నెవిల్ ఆ కంపెనీలోనే స్థలాలు అమ్మే ఉద్యోగి. వీలైనన్ని హోల్స్ (వరసగా ఆడుతూ పోయే 18 భాగాలు) నీటి పక్కకి రావాలని దారిని 8 అంకెలా మెలిపెట్టారు. 4 నుంచి 10 దాకా ఒడ్డునే సాగి, లోపలికి తిరిగి, 17, 18కి మళ్లీ సముద్రం దగ్గరికే వస్తుంది. 1919 ఫిబ్రవరి 22న తెరిచారు.

ఒక్క ప్లాటు మాత్రం వెనక్కి రాలేదు. ఐదున్నర ఎకరాలు, సరిగ్గా ఒడ్డు మీదే. అందుకే 5వ హోల్ ఒక్కటీ దాదాపు ఎనభై ఏళ్లు సముద్రానికి వీపు పెట్టి లోపలికి పోయింది. 1995లో ఆ స్థలం కంపెనీ చేతికొచ్చాక పేరున్న గోల్ఫ్ ఆటగాడు జాక్ నిక్లాస్ కొత్త 5వ హోల్ గీశాడు, 1998లో తెరిచారు. పెద్దాయనకి ఫోన్ చేసి ఇది చెబితే, "అమ్మనన్నవాడు ఒక్కడైనా ఉంటాడు, ఎక్కడైనా" అన్నారు.

అన్నిటికన్నా పేరున్న 7వ హోల్ 106 గజాలే. గాలి మారితే ఎంత పొట్టి దారైనా మొండికేస్తుంది. అక్కడిదాకా మనం వెళ్లం. మనకి బాగా కనిపించేది 18వది. మొదట్లో అది మామూలు పార్ 4, అంటే నాలుగు దెబ్బల్లో ముగించాల్సిన హోల్. 1922లో కోర్సులు గీసే హెర్బర్ట్ ఫౌలర్ దాన్ని పొడిగించి పార్ 5 చేశాడు. ఎడమవైపు మొదటి నుంచి చివరిదాకా సముద్రమే. నాకైతే ఈ ఒక్కదాని కోసం రోజంతా నిలబడాలనిపిస్తుంది.

కరువు రాష్ట్రంలో ఈ గడ్డికి నీళ్లెక్కడివని చాలామంది అడుగుతారు. 1994 నుంచి శుద్ధి చేసిన మురుగునీటితో తడుపుతున్నారు.

ఈ రెండేళ్లలో నాతో వచ్చినవాళ్లు మళ్లీ రావాలనుకుంటే సగం టికెట్టే. పాత బుకింగ్ మెసేజ్ చూపిస్తే చాలు. ప్రో-యామ్ టోర్నమెంటు (వృత్తి ఆటగాళ్లూ, సరదాగా ఆడేవాళ్లూ కలిసి ఆడేది) జరిగే వారం ట్రిప్పు ఉండదు, ఆ రద్దీలో పెద్దవాళ్లని నిలబెట్టలేను. పులిహోర పొట్లాలు ఎప్పటిలాగే ఉంటాయి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకి స్వెట్టర్, మంకీ క్యాప్ తప్పకుండా తెండి, జులైలో కూడా అక్కడ పొగమంచు కమ్మేస్తుంది.