వెబ్ ఆప్షన్ల పేజీలో ఇంకో అంకె వేయించండి

గౌరవనీయులైన ముఖ్యమంత్రి శ్రీ ఎ. రేవంత్ రెడ్డి గారికి,

నమస్కారం. విద్యాశాఖ కూడా మీ దగ్గరే ఉంది కాబట్టి ఈ ఉత్తరం నేరుగా మీకే రాస్తున్నాను. నేను దేవరకొండలో ఇంటర్నెట్ సెంటర్ నడుపుతాను. మా డిండి దాటితే మీ నాగర్‌కర్నూల్ జిల్లాయే. ఇంజనీరింగ్ సీట్ల పరీక్షను ఎంసెట్ అన్న రోజుల నుంచి ఈఏపీసెట్ అంటున్న ఈ రోజుల దాకా, రిజల్ట్ వచ్చిందంటే మా దుకాణంలో వేరే పని ఉండదు. స్లాట్ బుకింగ్, ప్రాసెసింగ్ ఫీజు 1,200 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకైతే 600, తర్వాత వెబ్ ఆప్షన్లు, అంటే ఏ కాలేజీ, ఏ బ్రాంచ్ ముందు కావాలో వరుసగా పెట్టుకోవడం. చందంపేట, నేరేడుగొమ్ము, డిండి వైపు ఊళ్ళ నుంచి, తండాల నుంచి తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. పిల్లలు బ్రాంచ్ గురించి అడుగుతారు. పెద్దవాళ్ళు అడిగేది ఒకటే: "మొత్తం ఎంతైతది తమ్మీ?"

ఆ ప్రశ్నకు జవాబు సర్కారు వెబ్‌సైట్‌లో లేదు. అది పెట్టించండని అడగడానికే ఈ ఉత్తరం.

కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో లాస్ట్ ర్యాంకుల పట్టిక తెరిస్తే కాలేజీ పేరు, కోడ్, బ్రాంచ్, కేటగిరీల వారీగా ర్యాంకులు, చివర ఏడాది ట్యూషన్ ఫీజు ఉంటాయి. డబ్బుకు సంబంధించి ఆ పట్టిక చెప్పేది ఆ ఒక్క అంకే. బీసీ తండ్రి దాన్ని చూసి, అందులోంచి సర్కారు కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసేసి, మిగిలింది నాలుగుతో గుణించుకుని లేస్తాడు. తండా నుంచి వచ్చిన తల్లి అయితే "మాకు ఫ్రీయే కదా బిడ్డా" అంటుంది. ట్యూషన్ ఫీజు వరకు ఆమె మాట నిజమే. మిగతాదంతా కాలేజీలో చేరిన తర్వాత, ఒక్కో కౌంటర్ దగ్గర ఒక్కోటిగా తెలుస్తుంది.

రీయింబర్స్‌మెంట్ సంగతి మీకు తెలియనిది కాదు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి హయాంలో మొదలైన పథకం, మా వైపు ఎన్నో ఇళ్ళలో మొదటి ఇంజనీరును తయారుచేసింది. దాన్ని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ర్యాంకుతో పని లేకుండా మొత్తం ఫీజు వస్తుంది. బీసీ, ఈబీసీ పిల్లలకు 10 వేల లోపు ర్యాంకైతే మొత్తం వస్తుంది, అది దాటితే 35,000 దగ్గర ఆగిపోతుంది. ఇంకా కొన్ని వెసులుబాట్లున్నా, మా దగ్గరికి వచ్చే బీసీ పిల్లల్లో ఎక్కువ మంది ఈ 35,000 దగ్గరే ఆగుతారు. ఒకప్పుడు కాలేజీల కనీస ఫీజు కూడా 35,000 ఉండేది కాబట్టి చిన్న కాలేజీలో చేరితే చెల్లుకు చెల్లు అయ్యేది. 2022లో కనీస ఫీజు 45,000 అయింది. పెద్ద కాలేజీల్లో లక్షన్నర దాటింది. రీయింబర్స్‌మెంట్ మాత్రం కదల్లేదు.

ఒక లెక్క వేస్తాను. అంకెలు ఉదాహరణ కోసం అనుకున్నవే గానీ, నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎవరికి చూపించినా కాదనరు. బీసీ అబ్బాయి, ర్యాంకు 40 వేల పైన, సీటు వచ్చిన కాలేజీ ఫీజు 90,000. రీయింబర్స్‌మెంట్ పోగా ఏడాదికి 55,000, నాలుగేళ్ళకు 2,20,000. దేవరకొండ నుంచి రోజూ పోయి రావడం కుదరదు కాబట్టి ఇబ్రహీంపట్నంలోనో ఎల్బీనగర్‌లోనో హాస్టల్. నెలకు 6,000 చొప్పున పది నెలలు, నాలుగేళ్ళకు 2,40,000. స్పెషల్ ఫీజు, పరీక్ష ఫీజు, రికార్డులు, యూనిఫాం కలిపి ఏడాదికి 10,000 అనుకున్నా 40,000. లాప్‌టాప్ 45,000. మూడో ఏడు వచ్చేసరికి క్యాంపస్ ట్రైనింగ్ పేరుతో 15,000. కూడితే 5,60,000 రూపాయలు. బ్యాక్‌లాగులు, పండుగకు రాకపోకలు, సెల్ రీచార్జి ఇందులో వేయలేదు.

ఇది కూడా రీయింబర్స్‌మెంట్ టైముకు వస్తే! రాకపోతే "ముందు మీరు కట్టండి, సర్కారు పైసలు పడ్డాక వాపస్ ఇస్తాం" అంటారు. అప్పుడు ఇంకో 1,40,000 చేతిలో ఉండాలి. 2025 నవంబరులో బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టిన సంగతి మీ దాకా వచ్చిందే. కాలేజీల గోడు మీరు విన్నారు, చర్చలు జరిగాయి. కానీ ఆ బకాయి ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి మారి చివరికి ఎక్కడ ఆగుతుందో చూడాలి. ఫైనలియర్ అయిపోయిన పిల్ల నో డ్యూస్ (బాకీ లేదన్న కాగితం) కోసం పోతే, మీ నాలుగో ఏడు రీయింబర్స్‌మెంట్ ఇంకా రాలేదు, కట్టి సర్టిఫికెట్లు తీసుకుపొమ్మంటారు. ఒరిజినల్స్ ఆపుకోవద్దని కాలేజీలకు రూల్స్ పెట్టే కేంద్ర సంస్థలు ఏఐసీటీఈ, యూజీసీ చెబుతూనే ఉన్నాయి. ఉద్యోగంలో చేరే తేదీ దగ్గరపడ్డ పిల్ల ఆ సర్క్యులర్ పట్టుకుని కౌంటర్ దగ్గర ఎంతసేపు కొట్లాడుతుంది? తండ్రికి ఫోన్ చేస్తుంది. తండ్రి మిత్తికి తెస్తాడు.

మిత్తి అన్నాను కాబట్టి అదీ చెప్పాలి. మా దగ్గర రెండు రూపాయల మిత్తి మామూలు. లక్ష రూపాయలు ఫస్టియర్‌లో తెచ్చి నాలుగేళ్ళు ఆపితే మిత్తే 96,000. పత్తి పైసలు, బత్తాయి తోట పైసలు వచ్చినప్పుడు కొంత కడతారు గానీ, ఫీజు అడిగే నెలకూ పంట చేతికొచ్చే నెలకూ ఎప్పుడూ పొత్తు కుదరదు. బ్యాంకు లోనుకు పోవచ్చు కదా అంటే, పోవచ్చు. 4 లక్షల దాకా తాకట్టు అక్కర్లేదని రూల్ ఉంది. కోర్సు అయిపోయి ఏడాది దాటే దాకా కిస్తీ కట్టే పని లేదు, మిత్తి మాత్రం నడుస్తుంది. కేంద్రం తెచ్చిన పీఎం విద్యాలక్ష్మిలో 8 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు మిత్తిలో 3 శాతం రాయితీ ఉంది. అయితే అది ర్యాంకింగుల్లో పైన ఉన్న సంస్థలకే. మా పిల్లలకు సీటు వచ్చే కాలేజీలు ఆ లిస్టులో వెతికినా ఎక్కడో గానీ కనిపించవు.

ఈ లోను దగ్గరే నాకు అసలు విషయం అర్థమైంది సార్. బ్యాంకు మేనేజర్ ఊరికే లోను ఇవ్వడు, కాలేజీ నుంచి ఫీజు స్ట్రక్చర్ తెమ్మంటాడు. ఆ కాగితాలు నా దగ్గరికి జిరాక్సుకు వస్తాయి. కాలేజీ లెటర్‌హెడ్ మీద నాలుగు నిలువు గడులు, ఫస్టియర్ నుంచి ఫోర్త్ ఇయర్ దాకా. అడ్డంగా ట్యూషన్ ఫీజు, స్పెషల్ ఫీజు, పరీక్ష ఫీజు, హాస్టల్, మెస్, బస్సు, పుస్తకాలు, లాప్‌టాప్. కింద మొత్తం. దాని కింద ప్రిన్సిపల్ సంతకం, గుండ్రటి స్టాంపు. అంటే నాలుగేళ్ళ ఖర్చు ఎంతో కాలేజీకి తెలుసు, రాసివ్వడమూ వచ్చు. అప్పు ఇచ్చే బ్యాంకుకు రాసిస్తున్నారు. అప్పు తీర్చాల్సిన తండ్రికి మాత్రం, అదీ సీటు ఎంచుకునే రోజున, ఆ కాగితం దొరకదు.

అదే దుకాణంలో ఇంకో రకం కాగితాలు కూడా చూస్తాను. ట్యూషన్ ఫీజుకు కంప్యూటర్ రసీదు ఉంటుంది, దానికి నంబరు, తేదీ ఉంటాయి. మిగతా వసూళ్ళకు తెల్లచీటీ. నీలం పెన్నుతో "ఇతరములు" అని, ఎదురుగా ఒక మొత్తం. ఇతరములు అంటే ఏమిటని నన్నడుగుతారు పాపం, నాకేం తెలుసు!

బస్సు సంగతి ఒక్కటి చెబుతాను. 2023 డిసెంబర్ 9 నుంచి మీ మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. సాగర్ రోడ్డు మీద చింతపల్లి, మాల్, యాచారం నుంచి పోయే అమ్మాయిలు సంతోషపడ్డారు. తీరా కాలేజీలో చేరాక, మెయిన్ రోడ్డు నుంచి లోపలికి ఆర్టీసీ బస్సు లేదు కాబట్టి కాలేజీ బస్సే ఎక్కాలి, ఎక్కినా ఎక్కకపోయినా ఫీజు కట్టాలి అన్నారని మా ఏరియా అమ్మాయి ఒకామె చెప్పింది. సర్కారు మాఫీ చేసిన ఖర్చు ఇంకో రూపంలో వచ్చి కూర్చుంది. బస్సు ఫీజు తప్పనిసరా కాదా అన్న ఒక్క మాట ఆప్షన్లు పెట్టే రోజు తెలిసుంటే, ఆ అమ్మాయి రోడ్డు పక్కనున్న ఇంకో కాలేజీని పైన పెట్టుకునేది.

రూల్స్ లేక కాదు. క్యాపిటేషన్ ఫీజు, అంటే సీటు ఇవ్వడానికి అసలు ఫీజు మీద అదనంగా గుంజే సొమ్ము, తీసుకోవద్దని 1983 చట్టం ఉంది. (మేనేజ్‌మెంట్ కోటా 30 శాతం సీట్లలో అది ఎలా అమలవుతోందో రాయాలంటే ఇంకో ఉత్తరం కావాలి.) సుప్రీంకోర్టు 2003లో రిటైర్డ్ హైకోర్టు జడ్జి అధ్యక్షతన ఫీజుల కమిటీలు వేయమన్నది, మన రాష్ట్రంలోనూ ఆ కమిటీ ఉంది. కాలేజీల జమాఖర్చులు చూసి మూడేళ్ళకోసారి ఫీజు తేలుస్తుంది. కాలేజీ వెబ్‌సైట్‌లో ఫీజులతో సహా తన వివరాలు చెప్పే మ్యాండేటరీ డిస్‌క్లోజర్ పెట్టాలని ఏఐసీటీఈ నిబంధన కూడా ఉంది. ఆప్షన్ల రోజుల్లో తల్లిదండ్రులు అడిగితే నేనే ఆ పీడీఎఫ్‌లు తెరిచి చూపిస్తుంటాను. కొన్నింట్లో ఎప్పటివో పాత ఫీజులుంటాయి, కొన్నింట్లో "నిబంధనల ప్రకారం" అని ఒక్క ముక్క. అవతల నా దుకాణం పక్క ఎరువుల షాపులో పది రూపాయల విత్తనాల ప్యాకెట్ మీద కూడా ఎంఆర్పీ ఉంటుంది.

మీరు కొత్త చట్టం తేనక్కర్లేదు, బడ్జెట్‌లో పైసా అక్కర్లేదు. కౌన్సెలింగ్‌కు వచ్చే ప్రతి ప్రైవేటు కాలేజీ, బ్యాంకుకు రాసిచ్చే ఆ నాలుగు గడుల కాగితాన్నే ఉన్నత విద్యామండలికి ముందుగా ఇవ్వాలనండి. హాస్టల్, బస్సు తప్పనిసరా, ఇష్టమైతేనా అన్నది అందులో రాయాలి. ఆ కాగితంలో లేని పేరుతో నాలుగేళ్ళలో ఒక్క రూపాయి వసూలు చేసినా ఫీజుల కమిటీకి ఫిర్యాదు చేయొచ్చని అక్కడే రాయించండి. వసూలు చేయదగినవేవి, కానివేవి అన్నది కూడా కమిటీ ఆ పట్టిక మీదే తేల్చి చెప్పాలి.

రెండో సంగతి ఇంకా తేలిక. ఆప్షన్లు పెట్టే పిల్ల కులం, ఆదాయం, ర్యాంకు అన్నీ సర్టిఫికెట్ల వెరిఫికేషన్ అప్పుడే కంప్యూటర్‌లోకి ఎక్కుతున్నాయి. సీటు వచ్చాక అలాట్‌మెంట్ ఆర్డర్‌లో ఆమె కట్టాల్సిన ఫీజు లెక్కగట్టి చూపిస్తున్నారు కూడా. అదే లెక్కను ఒక అడుగు ముందుకు జరపండి. ఆప్షన్ పెట్టేటప్పుడే కాలేజీ కోడ్ నొక్కగానే, రీయింబర్స్‌మెంట్ పోగా నాలుగేళ్ళలో ఇంటి నుంచి పెట్టాల్సింది ఇంత అని తెలుగులో ఒక అంకె కనిపించాలి. హాస్టల్‌తో ఎంత, హాస్టల్ లేకుండా ఎంత అని పక్కపక్కనే ఉంటే ఇంకా మంచిది. ఆ అంకె చూస్తే నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ కాలేజీనో, వనపర్తి జేఎన్టీయూ కాలేజీనో పైకి జరుపుకునేవాళ్ళు కొందరుంటారు. చూసి కూడా హైదరాబాద్ పక్క ప్రైవేటు కాలేజీకే పోతామనేవాళ్ళూ ఉంటారు. వాళ్ళిష్టం. కనీసం ఎంత అప్పు చేయాలో తెలిసి పోతారు.

కాలేజీల వాళ్ళు ఒప్పుకోరని అధికారులు మీకు చెప్పొచ్చు. హాస్టల్ ఫీజులు ఏటా మారతాయి, ముందే ఎలా చెబుతామని అంటారు. బ్యాంకుకు ఎలా చెబుతున్నారో అలాగే. ఏడాదికి ఇంత శాతం దాకా పెరగొచ్చని రాసివ్వమనండి, అభ్యంతరం లేదు. ఇంకొకరు, మా బకాయిలు ముందు ఇవ్వండి, తర్వాత మా లెక్కలు అడగండి అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. కాబట్టి ఏ విద్యార్థి పేరు మీద ఏ ఏడాది రీయింబర్స్‌మెంట్ ఎంత విడుదలైంది, ఏ తేదీన కాలేజీ ఖాతాలో పడింది అన్నది ఆ ఇంటి ఫోన్‌కు మెసేజ్ పంపించండి. పడలేదని కాలేజీ అంటే పిల్ల ఫోన్ తీసి చూపిస్తుంది. నిజంగానే పడకపోతే, ఎవరిని అడగాలో ఆ ఇంటికి తెలుస్తుంది.

వచ్చే కౌన్సెలింగ్ నోటిఫికేషన్ వచ్చేలోపు ఈ పేజీ మార్చడానికి టైముంది. ఎలా ఉండాలో చూడాలనుకుంటే, మీ ఆఫీసు నుంచి ఎవరినైనా ఆప్షన్లు నడిచే రోజుల్లో మా బస్టాండు దగ్గరికి పంపించండి. సాయంత్రం ఐదు తర్వాత వస్తే మంచిది, పొలం పనులు ముగించుకుని వచ్చేవాళ్ళు ఎక్కువ మంది అప్పుడే ఉంటారు.

ఇట్లు,
ఒక ఇంటర్నెట్ సెంటర్ నిర్వాహకుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా