బీసెంట్ రోడ్డులోనే ఉన్నాం, పైకెక్కామంతే

విజయవాడ బీసెంట్ రోడ్డులో మా కుట్టు షాపు ఉన్న కింది షట్టర్ దగ్గర సెల్‌ఫోన్ కవర్ల బోర్డు చూసి, షాపు ఎత్తేశారా అని చాలామంది ఫోన్లు చేస్తున్నారు. ఎత్తేయలేదండి. అదే బిల్డింగులో మొదటి అంతస్తుకు మారాం. పక్క సందులోంచి మెట్లున్నాయి. జాకెట్లు కుట్టి, ఫాల్స్ వేసి, పీకో చేసి సంపాదించే డబ్బుతో కింది అద్దె కట్టడం ఇక మా వల్ల కాలేదు. ఫోన్ కవర్లవాళ్లు ఎక్కువ ఇస్తామన్నారు, ఓనరుగారు వాళ్లకిచ్చారు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే చేసేదాన్నేమో.

"ఎలాగూ మారుతున్నారుగా, బెంజి సర్కిల్ వైపు రావచ్చుగా, కారు పెట్టుకోవడానికి చోటుంటుంది" అన్నవాళ్లకు కాస్త వివరంగా చెబుతాను.

నేను గవర్నర్‌పేటలో పుట్టి పెరిగినదాన్ని. ఊరి హడావుడంతా బందరు రోడ్డు వెంట తూర్పుకు జరుగుతూ ఉండటం కళ్లారా చూస్తున్నాను. 2020లో బెంజి సర్కిల్ ఫ్లైఓవర్, దుర్గ గుడి ఫ్లైఓవర్ మొదలయ్యాయి. మరుసటేడు బెంజి సర్కిల్‌లో రెండోది కూడా వచ్చింది. మాల్స్, అద్దాల షోరూములు సరేసరి. బండి ఉన్నవాళ్లకు సుఖంగానే ఉంది. భవానీపురంలో చుట్టాలింటికి వెళ్లడం మాకూ తేలికైంది, కాదనను.

కానీ జాకెట్ కుట్టడానికి ఏమేం కావాలో చూడండి. మీటరు కాటన్ లైనింగు, ఆ రంగు దారం, హుక్కులు, పైపింగుకు గుడ్డ, వెనక కట్టుకునే తాళ్లకు లట్కన్లు. బీసెంట్ రోడ్డులో ఇవన్నీ అడుగు దూరంలో దొరుకుతాయి. మ్యాచింగ్ సెంటర్‌కు మా అమ్మాయి జాకెట్ ముక్క పట్టుకెళ్లి, మీరు కొలతలిచ్చేలోపు వచ్చేస్తుంది. హోల్‌సేల్‌లో కావాలంటే వన్‌టౌన్ వస్త్రలత ఉంది. మాల్‌లో ఒక హుక్కుల ప్యాకెట్టు దొరుకుతుందేమో చెప్పండి!

ఇంకోటి, వెలుతురు. నెమలికంఠం, వంకాయ రంగు చీరలకు ఫాల్ రంగు ట్యూబ్‌లైటు కింద చూస్తే ఒకలా, ఎండలో ఒకలా ఉంటుంది. చీర కుచ్చిళ్ల అంచు బయటికి పట్టుకొచ్చి, మూడు నాలుగు రకాల ఫాల్స్ పక్కన పెట్టి చూశాకే మా ఆయన మిషను ఎక్కుతారు. పైకి మారేటప్పుడు నేను ముందు చూసుకున్నది వసారాలో పడే ఎండనే. గది చిన్నదైనా అందుకే ఒప్పుకున్నాను.

అసలు మా కస్టమర్లలో ఎక్కువమంది కార్లలో రారు. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి కింద ఆర్టీసీలో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక ఉయ్యూరు, కంకిపాడు, మైలవరం నుంచి వచ్చేవాళ్లు పెరిగారు. బస్టాండులో దిగి సిటీ బస్సెక్కుతారు. అదీ ఉచితమే. ఇదివరకు పెళ్లి పనులకు మాత్రమే వచ్చే పిన్నిగార్లు ఇప్పుడు రెండు జాకెట్లకు కూడా వస్తున్నారు. సెంటర్ అభివృద్ధి అనగానే అందరూ పార్కింగ్ గురించి మాట్లాడతారు గానీ, ఇలా వచ్చి రోజంతా తిరిగే ఆడమనిషికి శుభ్రమైన బాత్‌రూమ్ ఎక్కడుందో ఎవరూ అడగరు. మా దగ్గర పైన ఒకటుంది. మొహమాటపడకుండా అడగండి, కుట్టుపని ఇవ్వకపోయినా సరే.

తోపుడుబళ్లవాళ్లను తీసేస్తే రోడ్డు బాగుంటుందని కొందరంటారు. నాకు ఆ మాట నచ్చదు. క్లిప్పులు, జడ పిన్నుల కోసం వచ్చినవాళ్లే తలెత్తి మా బోర్డు చూస్తారు. అయితే దసరా రోజుల్లో మనిషి నడవడానికి దారి వదలాలి. 2014 వీధి విక్రేతల చట్టం ఎవరు ఎక్కడ అమ్ముకోవాలో చోట్లు కేటాయించాలంటుంది. ఆ పని సరిగ్గా జరిగితే గొడవే ఉండదు.

ఇక రేట్లు. లైనింగ్ జాకెట్‌కు యాభై రూపాయలు పెంచాం, ఫాల్ పీకో పాత రేటే. శ్రావణంలో, పెళ్లిళ్ల సీజన్లో "రేపటికి కావాలి" అంటే కుదరదండి. టెన్షన్ పడుతూ కుడితే చంక దగ్గర పట్టేస్తుంది, మళ్లీ విప్పాల్సింది మేమే. మూఢంలో ఇచ్చుకుంటే తీరిగ్గా, చక్కగా కుట్టిస్తాం.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు మెట్లెక్కక్కర్లేదు. కింద గాజుల షాపులో కూర్చుని ఫోన్ చేస్తే మా అమ్మాయి దిగొస్తుంది. కొలతలకు మాత్రం సరిపోయే పాత జాకెట్ ఒకటి తెచ్చుకోండి, అక్కడ టేపు పట్టుకోవడం బాగోదు.

కుట్టించుకుని తీసుకెళ్లని జాకెట్లు బీరువా నిండా ఉన్నాయి. కొత్త గదిలో వాటికి చోటు లేదు. సంక్రాంతి లోపల వచ్చి తీసుకెళ్లండి. చీటీ పోయినా పర్లేదు, చీర రంగు చెబితే వెతికిస్తాం.