మృదంగం ముందు ‘లేడీ’ అన్న మాట ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

నేను మృదంగం పట్టి ముప్ఫై ఏళ్లయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంట్లోనే పిల్లలకు నేర్పుతాను. ఇప్పుడు 14 మంది వస్తున్నారు, వాళ్లలో అయిదుగురు ఆడపిల్లలు. పోయిన ఆదివారం ఒకమ్మాయి వాళ్ల నాన్నగారు క్లాసు అయ్యేదాకా మెట్ల మీద కూర్చుని, అందరూ వెళ్లాక లోపలికి వచ్చారు. “మేడమ్, ఏమీ అనుకోకండి. పాపను వచ్చే నెల నుంచి వీణకు మారుద్దామనుకుంటున్నాం” అన్నారు. ఎందుకని అడిగితే కాసేపు నసిగారు. ఆ పిల్లకు చెయ్యి బాగా పలుకుతోందని ఆయనకూ తెలుసు. చివరికి అసలు సంగతి చెప్పారు: “మిమ్మల్నే వద్దన్నారట కదా మేడమ్. రేపు మా పిల్లను ఎవరు పిలుస్తారు?”

ఆయన మీద నాకు కోపం రాలేదు. రాత్రంతా నిద్ర మాత్రం పట్టలేదు.

ఆయన చెవిన పడిన విషయం ఇది. నగరంలో ఒక సంస్థ వాళ్లు గాత్ర కచేరీకి నన్ను పక్కవాద్యానికి రెండు నెలల ముందే అడిగారు. పాడేవారు మగవారు, ఒకటో శ్రుతి, అంటే తగ్గు స్థాయి. దానికి నా పెద్ద మృదంగం కావాలి. దానికి రెండు వైపులా తోలు మార్పించాను. ఆయన పాడబోయే పల్లవి ఏ తాళంలో ఉందో కనుక్కుని రోజూ తెల్లవారుజామున సాధన చేశాను. సరిగ్గా నాలుగు రోజుల ముందు ఫోన్ వచ్చింది. “ఈసారికి ఇంకొకరిని అనుకున్నామమ్మా. మార్చి 8న అందరూ ఆడవాళ్లతోనే మహిళా స్పెషల్ పెడతాం, దానికి మీరు తప్పకుండా రావాలి” అన్నారు. నేను వదలకుండా అడిగితే, తగ్గు శ్రుతి మృదంగానికి ఆడవాళ్ల చెయ్యి చాలదేమోనన్నారు. ఆ ఫోన్ చేసినాయన నా వాద్యం ఒక్కసారి కూడా వినలేదు.

చెయ్యి చాలదన్న మాట గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇది నిజమే అనుకుంటున్నారు. మృదంగంలో నాదం భుజబలంతో రాదు. కచేరీకి ముందు ఎడమవైపు తోలు తడిపి, బొంబాయి రవ్వ ముద్ద అంటిస్తాం. ఆ ముద్ద ఎంత ఉండాలి, ఎంత తడిగా ఉండాలి అన్నదాన్ని బట్టే గుమ్మని మోగే ఆ లోతు వస్తుంది. కుడివైపు నడిమధ్య కరణ అనే నల్లటి గుండ్రటి పూత ఉంటుంది. అంచును రాయితో, కర్రముక్కతో కొట్టి శ్రుతి కలుపుతాం. ఆ తర్వాత అంతా వేళ్లదే పని. వేలు ఎక్కడ పడింది, ఎంత త్వరగా లేచింది అన్నదే లెక్క. గట్టిగా బాదితే నాదం చచ్చిపోతుంది. ‘త ది తొం నం’ నేర్పిన మొదటి వారంలోనే నా దగ్గరికొచ్చే మగపిల్లలకు నేను పదేపదే చెప్పేది, “బలం తగ్గించు నాన్నా” అనే. ఇక మృదంగం బరువంటారా, పనస కర్ర బరువే ఉంటుంది. నిండు గ్యాస్ సిలిండరును తలుపు నుంచి వంటింటి దాకా జరిపే చేతులకు అది ఒక లెక్క కాదు.

చెయ్యి చాలదని అనేవారికి దండమూడి సుమతి గారి పేరు ఒక్కటి సరిపోవాలి. తండ్రి నిడుమోలు రాఘవయ్య గారి దగ్గర, తర్వాత దండమూడి రామమోహనరావు గారి దగ్గర నేర్చుకుని, దశాబ్దాలపాటు వేదికల మీద మృదంగం వాయించారు. 2021లో పద్మశ్రీ అందుకున్నారు. ఈ వాద్యంలో అంతటి మనిషి మన తెలుగునేల మీదే ఉండగా, ఇంకా ఆడవాళ్లు మృదంగమా అని నోరు తెరవడం చూస్తే నాకు బాధేస్తుంది.

వయొలిన్ సంగతి చూడండి. ఒకప్పుడు పక్కవాద్యంగా అదీ మగవాళ్లదే. ఈరోజు ఒక అమ్మాయి వయొలిన్ పట్టుకుని వేదిక ఎక్కితే ఎవరూ వింతగా చూడరు. విజయనగరం నుంచి వెళ్లిన అవసరాల కన్యాకుమారి గారికి 2015లో పద్మశ్రీ, 2016లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి వచ్చాయి. ఆవిడ పేరు ముందు ‘లేడీ’ అని చేర్చాలని ఇప్పుడు ఎవరికీ తోచదు. మృదంగం దగ్గరికి వచ్చేసరికే మన కళ్లకు ఆడ, మగ కనిపిస్తున్నాయి.

ఒకప్పుడు గోడ ఇంకోవైపు ఉండేది. పెద్ద పెద్ద మృదంగ విద్వాంసులు ఆడవాళ్ల పాటకు వాయించేవారు కాదు. పాలఘాట్ మణి అయ్యర్ గారు కూడా చాలాకాలం అలాగే ఉన్నారు. ఆయన డి.కె. పట్టమ్మాళ్ గారి పాటకు మృదంగం పట్టాక ఆ పట్టుదల సడలింది. ఆ రెండు కుటుంబాలు వియ్యమందాయి కూడా. గాయని నిత్యశ్రీ మహదేవన్ గారు ఆ ఇద్దరికీ మనవరాలు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆనాడు ఆ తలుపు తెరుచుకున్నది ఏ తీర్మానంతోనో కాదు. సభలో అందరూ గౌరవించే ఒక విద్వాంసుడు పక్కన కూర్చోవడంతో తెరుచుకుంది. ఈనాడు మన హైదరాబాదు గాయకుల్లో పేరున్న పెద్దలు ఎంతోమంది ఉన్నారు. “మృదంగానికి ఫలానా అమ్మాయిని పిలవండి” అని వాళ్లు ఒక్కమాట అంటే నిర్వాహకులు కాదనరు. నా కచేరీ పోయిన రోజున ఆ గాయకుడు కూడా ఆ మాట అని ఉండవచ్చు. అనలేదు.

వేదిక మీద మాటల గురించి కూడా రాయాలి. “ఈమె మహిళ అయినా చక్కగా వాయించారు” అని మైకులో పొగుడుతారు, శాలువా కప్పుతారు. వాళ్ల మనసులో చెడు లేదని నాకు తెలుసు. అయినా ఆ ‘అయినా’ వింటే, తని ఆవర్తనంలో, అంటే కచేరీలో మృదంగం ఒంటరిగా పలికే ఘట్టంలో, నేను వేసిన లెక్కలన్నీ చెరిపేసినట్టు ఉంటుంది. రవీంద్రభారతి నుంచి ఒకసారి రాత్రి తొమ్మిదిన్నరకు ఆటో ఎక్కాను. రెండు మృదంగాలూ లోపల పెట్టాక కూడా అతను బండి తీయలేదు. “సార్ ఇంకా వస్తలేరా అమ్మా?” అన్నాడు. వాయించిన సార్ కోసం చూస్తున్నాడు పాపం. నేనే వాయించానని చెప్తే దారి పొడుగునా ఎన్నో అడిగాడు, దిగేటప్పుడు మృదంగాలు పైదాకా మోసిపెట్టాడు. అతనికి తెలియదు కాబట్టి అడిగాడు. సంగీతం తెలిసినవాళ్లు కూడా ‘సార్’ కోసం చూస్తుంటే ఎవరికి చెప్పుకోవాలి?

నా చిన్నప్పుడు ఇంట్లో తిట్లు వేరేగా ఉండేవి. బాసింపట్టు వేసుకుని కూర్చోవడం ఏమిటి, గోళ్లు అలా కత్తిరించుకోవడం ఏమిటి, మగరాయుడిలా ఆ భుజాలేమిటి అనేవారు. నెలలో ఆ నాలుగు రోజులు వాద్యం ముట్టకూడదనేవారు. మా గురువుగారు మాత్రం, “సాధనకు సెలవుల్లేవు, కూర్చో” అన్నారు. ఆయనకు నేను రుణపడి ఉన్నాను. అయితే నేను కూడా ఒక తప్పు చేశాను. ఇరవై ఏళ్ల వయసులో, మగవాళ్లలా కనిపిస్తే గౌరవిస్తారేమోనని జుట్టు కురచగా కత్తిరించుకుని, లాల్చీ వేసుకుని కచేరీలకు వెళ్లేదాన్ని. పువ్వులు, బొట్టు అన్నీ మానేశాను. ముఖంలో నవ్వు కూడా రానిచ్చేదాన్ని కాదు. మూడేళ్లు అలా ఉన్నాక అర్థమైంది, నేను వాయించేటప్పుడు కూడా ఇంకెవరిలాగో వాయిస్తున్నానని. ఇప్పుడు పోచంపల్లి చీర కట్టుకుని, మల్లెపూలు పెట్టుకుని వెళ్తాను. గాజులు మాత్రం తీసి రుమాలులో మూటకట్టి పక్కన పెడతాను, చప్పుడవుతాయి కాబట్టి. లాల్చీయే ఇష్టమైన అమ్మాయి లాల్చీ వేసుకోవాలి, అది కూడా నాకు ముచ్చటే. ఎవరికో నచ్చాలని మాత్రం వేసుకోకూడదు.

మార్చి 8న నేను వాయించనని కాదు. వాయిస్తాను. మిగతా రోజుల్లో పిలవకుండా ఆ ఒక్క రోజుకే దాచిపెట్టడమే నాకు నొప్పి. చిక్కడపల్లిలో, రవీంద్రభారతిలో, కాలనీ గుళ్లల్లో ఏడాది పొడవునా కచేరీలు జరుగుతూనే ఉంటాయి. శ్రీరామనవమి ఉంది, దసరా నవరాత్రులు ఉన్నాయి, త్యాగరాజ ఆరాధన ఉంది. నిర్వాహకులు పక్కవాద్యానికి ఎవరినైనా అనుకునే ముందు ఒక్కసారి వినండి. విన్నాక నచ్చకపోతే వద్దనండి, నేను నోరెత్తను. భాషా సాంస్కృతిక శాఖ వారు తాము జరిపే ఉత్సవాల్లో ఈ పద్ధతి మొదలుపెడితే మిగతావాళ్లకు దారి దొరుకుతుంది. పిల్లలు లేక కాదు. 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక ఉప్పల్ నుంచి, ఇబ్రహీంపట్నం నుంచి కూడా అమ్మాయిలు నా దగ్గరికి నేర్చుకోవడానికి వస్తున్నారు. వాళ్లు ఎక్కడానికి వేదిక కావాలి.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. కచేరీ వార్త రాసేటప్పుడు ‘మహిళా మృదంగ కళాకారిణి’ అని రాయకండి. పేరు రాసి, మృదంగం అని రాయండి. ఆ రోజు బాగా వాయించకపోతే ఆ మాట కూడా మొహమాటం లేకుండా రాయండి.

ఆ అమ్మాయి నాన్నగారిని ఒక్క మూడు నెలలు ఆగమని అడిగాను. సరేనన్నారు. ఈ ఉత్తరం మీరు వేస్తే ఆ కాగితం ఆయనకు ఇస్తాను.

ఇట్లు
ఒక మృదంగ విద్వాంసురాలు,
దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్