వార్షిక నివేదిక: 'మల్లీశ్వరి'ని మూడు శనివారాలు చూశాం

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన కాలనీ సంఘం తరఫున ఉగాది కవి సమ్మేళనం, వినాయక చవితి, పిల్లల బొమ్మల పోటీ, సంక్రాంతి ముగ్గులు ఎప్పటిలాగే జరిగాయి. వాటి ఖర్చులు కోశాధికారి గారి పట్టికలో ఉన్నాయి కాబట్టి మళ్ళీ రాయడం లేదు. ఇక్కడ ఎక్కువ చోటు పాత సినిమాకే పోతోంది. కార్యదర్శిగా ఈ ఏడాది నేను ఎక్కువ తిట్లు తిన్నదీ, తర్వాత నాలుగు మంచి మాటలు విన్నదీ దాని వల్లే.

1951 నాటి 'మల్లీశ్వరి' వేద్దామన్నది నా ప్రతిపాదన. మొదటిసారి మొత్తం ఒకే రాత్రి వేశాం. భోజనాలయ్యాక మొదలుపెట్టాం, అద్దెకు తెచ్చిన స్పీకరు గరగరలాడింది, గంట తిరిగేసరికి సగం కుర్చీలు ఖాళీ. "ఇంకా కథ మొదలవలేదేంటి అంకుల్?" అన్నాడొక కుర్రాడు. టెన్షన్ పడి నేనే రెండు చోట్ల ముందుకు జరిపేశాను. ఆ పాపం నాదే. ఎడ్లబండి మీద 'పరుగులు తీయాలి' అని పాట ఉంది కదా అని సినిమాని కూడా పరిగెత్తించబోయాను. 'ఎందుకే నీకింత తొందరా' అన్న పాట కూడా అందులోనే ఉందని ఆ రాత్రి గుర్తు రాలేదు.

కమిటీలో చర్చ జరిగింది. ఆ రోజుల్లో సినిమాలన్నీ ఇంత నిదానమే అన్నారు కొందరు. అది నిజం కాదు. అదే ఏడాది, అదే ఎన్టీఆర్‌తో 'పాతాళ భైరవి' వచ్చింది. దాని ఊపే వేరు. ఈ నిదానం దర్శకుడు బి.ఎన్. రెడ్డి గారు కావాలని పెట్టుకున్నదే.

అందుకని రెండోసారి మూడు ముక్కలు చేసి, వరసగా మూడు శనివారాలు సాయంత్రం పూట వేశాం. మొదటి వారం వాన రాత్రి దగ్గర ఆపాం. మారువేషంలో ఉన్న కృష్ణదేవరాయలు, అల్లసాని పెద్దన కథానాయిక మల్లి (భానుమతి) నాట్యం చూస్తారు. మా మల్లికి పల్లకీ పంపించండి అని ఆమె బావ నాగరాజు (ఎన్టీఆర్) వేళాకోళానికి అనేస్తాడు. అంతే, దీపాలు వేసేశాం. ఆ వారమంతా లిఫ్టులో, పాల బూత్ దగ్గర అదే మాట: పల్లకీ వస్తుందా?

వచ్చింది. రెండో శనివారం మల్లి రాణివాసానికి వెళ్ళిపోయాక హాల్లో ఫోన్లు కనబడలేదు. సిరి చూసి మురిసిన తల్లి నాగమ్మది తప్పా కాదా అని గట్టిగానే వాదన నడిచింది. చేతిలో కాసు లేని మేనల్లుడికి పిల్లనెలా ఇస్తుందని ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు ఆవిడ పక్షమే పట్టారు. నేను జవాబు చెప్పలేకపోయాను.

మూడో వారం 'మనసున మల్లెల' వచ్చినప్పుడు ఎవరూ గొంతు కలపలేదు. మామూలుగా ఆ పాటకి అందరం పాడేస్తాం. మల్లి, నాగరాజు ఎంతకాలం దూరంగా ఉన్నారో రెండు వారాలు మనమూ ఎదురుచూసి చూస్తే, భానుమతి గొంతులో ఆ మెల్లదనం ఎందుకో తెలిసింది. సాలూరి రాజేశ్వరరావు గారి బాణీ, సినిమాకి మొదటిసారి రాసిన కృష్ణశాస్త్రి గారి మాట, రెండూ తొందరపడవు. అంతఃపురంలో ఉషాపరిణయం యక్షగానం మాత్రం నాకిప్పటికీ కాస్త పొడుగే. మన సంగీతం టీచరు గారు దీనికి ఒప్పుకోలేదని కూడా నమోదు చేస్తున్నాను.

మొదటి రోజు లేచి వెళ్ళిపోయిన కుర్రాడు మూడో వారం చాప తెచ్చుకుని ముందు కూర్చున్నాడు.

వచ్చే ఏడాదికి ఏ సినిమా వేయాలో ఆఫీసు రిజిస్టరులో రాయండి. స్పీకర్లు ఈసారి అద్దెకు కాకుండా సొంతంగా కొందామని కమిటీ ఆలోచన. దానికి సర్వసభ్య సమావేశంలో మీ ఆమోదం కావాలి. వాడిన చాపలు రెండు ఇంకా ఆఫీసులోనే ఉన్నాయి, ఎవరివో వచ్చి పట్టుకెళ్ళండి.

– కార్యదర్శి