ఆరు సిలిండర్ల కారుకి సైలెన్సర్ మార్చేవాళ్ళకి, రవాణా శాఖకి

సంపాదకులకు నమస్కారం.

పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు మీద వరసగా పరిచి రోలర్‌తో తొక్కించడం విశాఖలోనూ చూశాం, హైదరాబాద్‌లోనూ చూశాం. అర్ధరాత్రి కాలనీల్లో, ఆసుపత్రుల ముందు ఆ మోత పెట్టేవాళ్ళకి అది జరగాల్సిందే, నాకు ఏ అభ్యంతరమూ లేదు. కానీ ఆ వార్తలు చదివి కొందరు అసలు సైలెన్సర్ మార్చడమే నేరం అనుకుంటున్నారు, ఇంకొందరు పోలీసుల కంట పడకపోతే ఏది పెట్టినా ఫర్వాలేదు అనుకుంటున్నారు. రెండూ తప్పే. నిజంగా మార్చుకోవాల్సిన అవసరం ఉన్నవాళ్ళు, ముఖ్యంగా పాత ఆరు సిలిండర్ల కార్లున్నవాళ్ళు, ఈ రెండింటి మధ్య ఇరుక్కున్నారు. ఈ ఉత్తరం వాళ్ళ గురించి.

హోండా అకార్డ్ వి6, స్కోడా సూపర్బ్ 3.6, పాత బీఎండబ్ల్యూలు, బెంజ్‌లు ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో అందుబాటు ధరకి దొరుకుతున్నాయి, ఇష్టంగా కొనుక్కుంటున్నవాళ్ళూ ఉన్నారు. ఆ బండ్లకి ఇప్పుడు మఫ్లర్లు (సైలెన్సర్ డబ్బాలు) పోయే వయసు. విశాఖ లాంటి ఊళ్ళో ఉప్పుగాలి బయటి నుంచి తింటే, దగ్గర దగ్గర దూరాలే తిరిగే బండిలో సైలెన్సర్ పూర్తిగా వేడెక్కక లోపల నీరు నిలిచిపోయి లోపలి నుంచి తుప్పు పడుతుంది. కంపెనీ పార్టు అడిగితే ఉందో లేదో తెలియడానికే రోజులు పడుతుంది, ఉన్నా దాని ధర వింటే గుండె ఆగుతుంది. అప్పుడు మిగిలింది బయటి షెడ్డే.

షెడ్డులో జరిగేది ఏమిటంటే, షాపు అతను ఫోన్‌లో ఒక వీడియో చూపిస్తాడు, లేదా అక్కడే నిలబెట్టి ఉన్న బండిని రెండుసార్లు గట్టిగా రేజ్ చేస్తాడు, కుర్రాళ్ళు ‘సూపర్ అన్నా’ అంటారు, బేరం అయిపోతుంది. నిలబెట్టి రేజ్ చేస్తే వినబడే శబ్దాన్ని బట్టి ఏమీ తేల్చలేం. మనం బండిలో గంటలు గంటలు కూర్చునేది హైవే మీద, దాదాపు 2,000 ఆర్‌పీఎం దగ్గర, అంటే ఇంజిన్ నిమిషానికి 2,000 చుట్లు తిరిగేటప్పుడు. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకి ఒకసారి ఫైర్ అవుతుంది, ఆరు సిలిండర్లు కాబట్టి చుట్టుకి మూడు, అంటే 2,000 దగ్గర నిమిషానికి 6,000, సెకనుకి 100. ఈ 100 హెర్ట్జ్ చుట్టుపక్కల శబ్దమే అద్దాలు మూసిన కారులో గూడు కట్టుకుని, చెవుల్లో ఒత్తిడిలాగా, తలనొప్పిలాగా తయారవుతుంది. డ్రోన్ అంటారు దీన్ని. విజయవాడ దాకా వెళ్ళొచ్చాక కొత్త సైలెన్సర్ పీకేయించుకున్నవాళ్ళు నాకు తెలుసు. కాబట్టి షాపు అతనితో మొహమాటం లేకుండా చెప్పండి, అదే సైలెన్సర్ పెట్టిన అదే మోడల్ బండిలో వెనక సీట్లో కూర్చుని, టాప్ గేర్‌లో, హైవే మీద ఒక పావుగంట తిరిగాకే డబ్బు ఇస్తానని. పైపు మధ్యలో శబ్దాన్ని తగ్గించడానికి ఉండే చిన్న డబ్బాని, రెజొనేటర్‌ని, కోసి పారేసి నేరు పైపు వెల్డింగ్ చేస్తామంటే అస్సలు ఒప్పుకోవద్దు, ఆ డ్రోన్‌ని మింగడంలో దాని పాత్ర చాలా పెద్దది. బాగా తెలిసిన పనివాళ్ళు చివర మూసేసిన ఒక పక్క పైపు అతికించి, దాని పొడవుతో సరిగ్గా ఆ ఒక్క శబ్దాన్నే చంపుతారు. 100 హెర్ట్జ్‌కి ఆ పైపు మీటరు పైచిలుకు పొడవు ఉండాలి, అంత చోటు బండి కింద ఉందో లేదో చూసుకోవాలి.

అకార్డ్ వి6 వాళ్ళు ఇంకొంచెం జాగ్రత్త పడాలి. 2008 తరవాత వచ్చిన 3.5 లీటర్ల ఇంజిన్ తన మీద భారం తక్కువగా ఉన్నప్పుడు పెట్రోలు ఆదా కోసం కొన్ని సిలిండర్లను ఆపేసి నాలుగింటితోనో మూడింటితోనో నడుస్తుంది. మూడింటితో నడిచేటప్పుడు పైన చెప్పిన లెక్క సగానికి పడిపోతుంది, శబ్దం ఇంకా కిందికి దిగి ఇంకా బరువుగా ఉంటుంది. కంపెనీ సైలెన్సర్‌ని దీన్ని దృష్టిలో పెట్టుకునే తయారుచేశారు. బజార్లో దొరికే మామూలు మఫ్లర్‌కి ఆ సంగతి తెలియదు.

ఆరు సిలిండర్లు అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. బీఎండబ్ల్యూ లాంటి ఇన్‌లైన్ సిక్స్‌లో ఆరూ ఒకే వరసలో ఉంటాయి, పొగ అంతా ఒక పక్క నుంచే వస్తుంది, అందుకే ఆ గొంతు సహజంగానే నునుపు. పైగా 2021 నుంచి చెన్నైలో తయారవుతున్న ఎం340ఐ లాంటి వాటిలో టర్బో ఉంది, ఆ టర్బైనే సగం శబ్దాన్ని మింగేస్తుంది. మామూలు వి6లో మూడు ఇటు, మూడు అటు. రెండు పక్కల పైపుల్ని ఎక్కడా కలపకుండా చివరిదాకా విడివిడిగా లాగితే ఒక్కో పైపులో మూడు సిలిండర్ల శబ్దమే ఉంటుంది, రేకు డబ్బాలో గులకరాళ్ళు ఊపినట్టు గరగరమంటుంది. రెండింటినీ మధ్యలో ఎక్స్ ఆకారంలోనో వై ఆకారంలోనో కలిపితేనే ఆరు సిలిండర్ల అసలు గొంతు వినిపిస్తుంది. వెనకాల రెండు వైపులా గొట్టాలు కనిపించాలనే మోజులో ఈ కలిపే చోటుని తీసేయించుకుంటున్నారు, వి6 కొన్నదే ఆ గొంతు కోసం అయితే దాన్నే ఎందుకు పోగొట్టుకోవాలి? సూపర్బ్ 3.6 మళ్ళీ వేరు. పేరుకి వి6 అయినా రెండు వరసల మధ్య కోణం 10.6 డిగ్రీలే, సిలిండర్ల పైన మూతలా ఉండే హెడ్ రెండు వరసలకీ కలిపి ఒక్కటే, పొగ ఒక పక్క నుంచే వస్తుంది, కాబట్టి దానికి రెండు పక్కల పైపుల్ని కలిపే ఈ తలనొప్పి లేదు.

పైపు సైజు గురించి ప్రతి షెడ్డులో వినిపించే మాట, బ్యాక్ ప్రెషర్ (పొగని బయటికి పోనివ్వకుండా అడ్డే ఒత్తిడి) ఉండాలి, లేకపోతే పికప్ పోతుంది అని. బ్యాక్ ప్రెషర్ వల్ల ఇంజిన్‌కి లాభమేమీ లేదు. కావాల్సింది పొగ వేగం. పైపు మరీ లావైతే తక్కువ ఆర్‌పీఎంలో ఆ వేగం పడిపోతుంది, సిటీలో బండి బద్ధకంగా కదులుతుంది. టర్బో లేని మూడు, మూడున్నర లీటర్ల ఇంజిన్‌కి ఒకే పైపైతే రెండున్నర అంగుళాలు చాలు. మూడు అంగుళాలది పెట్టించుకోమంటే అది మీ బండి కోసం చెప్పే మాట కాదు. బెండ్లు కూడా చూడండి, వంచిన చోట పైపు నొక్కుకుపోయి సన్నబడితే ఎంత లావు పైపు కొన్నా ఫలితం లేదు. పవర్ పెరుగుతుందని చెప్పే మాటలకి మాత్రం పడిపోకండి, క్యాట్ (పొగలోని విషాన్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్) తరవాతి భాగం ఒక్కటే మారిస్తే పెరిగేది చాలా కొంచెం.

క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయిస్తే ఇంకా బాగా పెరుగుతుంది అంటారు. దాని జోలికి పోవద్దు! దాని వెనకున్న ఆక్సిజన్ సెన్సర్ పట్టేస్తుంది, చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది, అన్నిటికీ మించి ఆ విషం మన పిల్లలే పీలుస్తారు. అందులోని ప్లాటినం, పల్లాడియం, రోడియం కోసం తీసిన క్యాట్‌ని కొనుక్కునేవాళ్ళు ఉన్నారని కూడా గుర్తుంచుకోండి, ఉచితంగా తీసేస్తామనే ఆఫర్ వెనక ఉన్నది అదే.

స్టీలు విషయంలో తుప్పుని బాగా తట్టుకునే 304 గ్రేడ్ అని చెప్పి అంతగా తట్టుకోని 409 అమ్ముతుంటారు. జేబులో ఒక అయస్కాంతం వేసుకెళ్ళండి. 409కి గట్టిగా అతుక్కుంటుంది, 304కి దాదాపు అతుక్కోదు, వంపుల దగ్గర కొంచెం లాగొచ్చు. సముద్రం పక్క ఊళ్ళలో ఈ తేడాకి ఎక్కువ డబ్బు పెట్టినా దండగ కాదు. చిల్లుల పైపు చుట్టూ గ్లాస్ ఊల్ కూరిన మఫ్లర్లయితే ఆ ఊల్ కాలక్రమంలో కాలిపోయి, ఊడి బయటికి పోతుంది, కొన్న రోజు మర్యాదగా ఉన్నది కొన్నాళ్ళకి అరవడం మొదలుపెడుతుంది. విప్పి మళ్ళీ కూరే వీలుందా అని ముందే అడగండి.

ఇక ప్రభుత్వానికి చెప్పాల్సిన మాట. శబ్దం, పొగ పరిమితి దాటితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద, 2019 సవరణ తరవాత, మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు ఉండొచ్చు. చట్టం గట్టిగానే ఉంది. కానీ నేను తుప్పు పట్టిన మఫ్లర్ తీసి మంచిది పెట్టించుకుంటే, ఇది పరిమితిలోనే ఉందని నాకు రాసిచ్చేది ఎవరు? రోడ్డు మీద ఆపిన కానిస్టేబుల్ చేతిలో మీటర్ ఉండదు, చెవితో విని తేల్చాల్సిందే, తప్పు ఆయనది కాదు. యూరప్‌లో మార్చుకునే సైలెన్సర్లకి విడిగా ఐక్యరాజ్యసమితి 59వ రెగ్యులేషన్ ఉంది, దాని ప్రకారం ఆమోదం పొందిన మఫ్లర్ మీద ‘E’ అక్షరంతో మార్కు కొడతారు. కాలిఫోర్నియాలో మామూలు కార్లకి 95 డెసిబెళ్ళ హద్దు పెట్టి, కొలిచే పద్ధతి కూడా రాసిపెట్టారు. సైలెన్సర్ మూతికి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో మైకు పెట్టి, చెప్పిన ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచి చూసే పరీక్షకి పెద్ద ల్యాబ్ అవసరం లేదు, ఒక సౌండ్ మీటరు, ఖాళీ స్థలం చాలు. మన ఆర్టీఓ ఆఫీసుల్లో రుసుము తీసుకుని ఈ పరీక్ష చేసి, పాసైన బండికి ఏడాది చెల్లే కాగితం ఇవ్వాలి. మోత పెట్టేవాళ్ళకి ఆ కాగితం ఎలాగూ రాదు, వాళ్ళని పట్టుకోవడం పోలీసులకీ సులువవుతుంది. ఆంధ్ర, తెలంగాణ రవాణా శాఖలు ముందు విశాఖ, హైదరాబాద్ ఆఫీసుల్లో అయినా దీన్ని మొదలుపెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం