నాణ్యత ఊసే లేని ఎగుమతుల చర్చ

సంపాదకుడు గారికి నమస్కారం.

రెడీమేడ్ దుస్తుల ఎగుమతులపై పోయిన వారం మీ పత్రికలో వచ్చిన కథనం గురించి ఈ లేఖ. తెలిసినవాళ్లు ఎవరైనా రాస్తారేమోనని ఇన్నాళ్లూ ఆగాను, ఎవరూ రాయలేదు. అధికారులు, ఎగుమతిదారుల పెద్దలు అందులో సుంకాల గురించి, డాలర్ రేటు గురించి, రాయితీల గురించి, కూలి ఖర్చు గురించి చాలా చెప్పారు. కుట్టిన బట్ట సరిగ్గా ఉందా లేదా అన్న మాట మాత్రం ఒక్కరి నోటా రాలేదు. ఎగుమతి యూనిట్లలో క్వాలిటీ విభాగంలో ఏళ్ల తరబడి పనిచేసినవాడిని, నాకిది మింగుడుపడలేదు.

కోటాలు ఉన్న రోజుల్లో ఏ దేశం నుంచి ఎంతవరకు సరుకు కొనవచ్చో ముందే తేలిపోయేది. 2005 జనవరి 1తో ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు బయ్యర్ మొదటి ఆర్డర్ ధర చూసి ఇస్తాడేమో గానీ, రెండోది మాత్రం మొదటి షిప్‌మెంట్ ఎలా వచ్చిందో చూశాకే ఇస్తాడు. ఏక్యూఎల్ అంటే సరుకులో ఎంతవరకు లోపాలను ఒప్పుకోవచ్చో చెప్పే పరిమితి. తనిఖీలో ఎక్కువగా వాడే ఏక్యూఎల్ 2.5 లెక్కలో, సాధారణ స్థాయి తనిఖీకి, మూడు వేల పీసుల లాట్ (ఒకేసారి తనిఖీకి పెట్టిన సరుకు) నుంచి 125 తీసి చూస్తారు. పెద్ద లోపం ఉన్నవి 7 వరకు ఉంటే పాస్, 8 అయితే లాట్ మొత్తం ఫెయిల్. ఇక అట్టపెట్టెలన్నీ విప్పాలి, ప్రతి పీసూ మళ్లీ చూడాలి, బాగుచేయాలి. ఈలోగా ఓడ వెళ్లిపోతుంది. సొంత ఖర్చుతో విమానంలో పంపితే ఆ ఆర్డర్‌లో లాభమన్నది మిగలదు. తర్వాత మీటింగుల్లో ఈ నష్టానికి చెప్పుకునే కారణం అంతర్జాతీయ పోటీ!

ఆ లోపాలు చివరి తనిఖీ టేబుల్ దగ్గర పుట్టినవి కావు. టీషర్టు బట్ట రోల్‌గా చుట్టినప్పుడు సాగి ఉంటుంది. దాన్ని విప్పి, వదులుగా పరిచి, చాలా గంటలు వదిలేస్తే గానీ అసలు కొలతకు రాదు. టైమ్ లేదని అలాగే కటింగ్‌కు వేస్తే ముక్కలు తర్వాత కుదించుకుపోతాయి. మిషన్ మీద కూర్చున్న అమ్మాయి ఎంత శ్రద్ధగా కుట్టినా పొడవు తగ్గుతుంది, తిట్లు మాత్రం ఆమెకే పడతాయి. వేర్వేరు రోల్స్ ముక్కలు కలిసిపోయినా అంతే. ట్యూబ్‌లైట్ కింద ఒకేలా కనిపించిన చొక్కా పగటి వెలుగులో చేయి ఒక రంగు, ఒళ్లు ఒక రంగుగా తేలుతుంది. చివర్లో చెకర్లను రెట్టింపు చేస్తే ఇవి ఆగవు. తప్పు కనిపించిన క్షణంలో కుట్టు లైన్ ఆపే అధికారం క్వాలిటీవాళ్లకు ఉండాలి. చాలా చోట్ల వాళ్లు ప్రొడక్షన్ మేనేజర్ కిందే పనిచేస్తారు, ఇంకేం ఆపుతారు?

పద్ధతి ఉన్న యూనిట్లో సూది విరిగితే ముక్కలన్నీ వెతికి, రిజిస్టర్లో టేపుతో అంటించాకే కొత్త సూది ఇస్తారు. ఒక్క ముక్క దొరక్కపోయినా అక్కడి పీసులన్నీ పక్కన పెట్టి, బట్టలో ఇరుక్కున్న సూది ముక్కలను పట్టే నీడిల్ డిటెక్టర్‌లో వేస్తారు. పసిపిల్ల ఒంటి మీదకు వెళ్లే బట్ట అది. ఇదే రిజిస్టర్‌ను ఆడిట్‌కు ముందు రాత్రి కూర్చుని ఒకే పెన్నుతో నింపడం కూడా నేను చూశాను. ఐఎస్ఓ 9001 సర్టిఫికెట్ గోడకు ఉంటే చాలనుకునేవాళ్ల సంగతి ఇది. ఆ సర్టిఫికెట్ పని పద్ధతికి ఇచ్చేది, చొక్కాకు ఇచ్చేది కాదు. రంగుల విషయంలోనూ ఇదే నిర్లక్ష్యం. యూరప్‌లో నిషేధించిన అజో రంగుల (ఒక రకం కృత్రిమ అద్దకపు రంగులు) నుంచి వెలువడే అమీన్లు అనే హానికర రసాయనాలు కిలోకు 30 మిల్లీగ్రాములు దాటితే ఆ బట్టను అక్కడ అమ్మనివ్వరు. అద్దకం దగ్గర పట్టించుకోనిది రేవు దగ్గర ఎలా సరిచేస్తారు?

కనిపించిన తప్పును పట్టించుకోకపోతే ఎంత దాకా పోతుందో చెప్పాలంటే బాధగా ఉంటుంది. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో బట్టల ఫ్యాక్టరీలున్న రానా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. గోడలకు పగుళ్లు ముందురోజే కనిపించాయి. అయినా మర్నాడు కార్మికులను లోపలికి పంపారు. షిప్‌మెంట్ టైమ్ ముంచుకొస్తోందని కళ్లెదుట ఉన్న తప్పును దాటేసే అలవాటు బట్ట దగ్గర మొదలై భవనం దాకా పోతుంది. చాలా పెద్ద బ్రాండ్లు ఆ తర్వాతే భవన భద్రతపై ఒప్పందాలకు ముందుకొచ్చాయి. అంతమంది పోతే తప్ప కదలరా?

మీ విలేకరులకు ఒక మనవి. ఈసారి ఎగుమతులపై రాసేటప్పుడు రాయితీ ఎంత కావాలని అడిగే ముందు, మొదటి తనిఖీలో ఎన్ని షిప్‌మెంట్లు ఫెయిలయ్యాయి, ఏ లోపాలతో ఫెయిలయ్యాయి, విమాన రవాణాకు ఎంత పోయింది అని అడగండి. జవాబు ఇవ్వకపోతే ఇవ్వలేదనే అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు