ఉట్రెక్ట్ స్టేషన్ అంటే సైకిళ్లేనా?

సంపాదకుడు గారికి,

నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ సెంట్రల్ గురించి ఎవరు రాసినా సైకిల్ పార్కింగ్ గొడవే. సరే, 2019లో పూర్తయిన ఆ మూడంతస్తుల స్టాండులో 12,500 సైకిళ్లు పడతాయి, తొక్కుకుంటూనే లోపలికెళ్లొచ్చు, ఖాళీ ఎక్కడుందో బోర్డులే చూపిస్తాయి, మొదటి 24 గంటలూ ఫ్రీ. కానీ ఆమ్‌స్టర్‌డామ్ నుంచి 1843లోనే ఇక్కడికి రైలొచ్చిందనీ, దేశం నడిమధ్యన ఉండి నాలుగు దిక్కుల లైన్లూ కలవడం వల్లే దేశంలోకెల్లా రద్దీ స్టేషన్ అయిందనీ చెప్పరేం?

ఆమ్‌స్టర్‌డామ్‌కి పగటిపూట దాదాపు పది నిమిషాలకో ఇంటర్‌సిటీ, ఒకటి తప్పినా టెన్షన్ లేదు. 1970లలో పాత భవనం కొట్టేసి స్టేషన్‌ని షాపింగ్ మాల్‌కి అతికించారు, ఎక్కడ మాల్ అయిపోయి ఎక్కడ స్టేషన్ మొదలవుతుందో తెలిసేది కాదు. 2016 నాటికి రెంటినీ విడదీసి కొత్త హాలు కట్టారు. నన్నడిగితే సైకిల్ స్టాండు కన్నా అదే పెద్ద పని.

— ఒక పాఠకుడు